మేనత్త వాంగ్మూలం

కొత్త చట్టం సంగతి హెడ్మాస్టరు చదివి వినిపించిన రోజున స్టాఫ్ రూములో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. బయట ముసురు పట్టి ఉంది. కిటికీ రెక్క సరిగ్గా పడక, గాలి వీచినప్పుడల్లా దిద్దాల్సిన పేపర్లు బల్ల మీంచి ఎగిరి పడుతున్నాయి. హెడ్మాస్టరు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆ కాగితాల్లోని బరువైన భాషను మామూలు మాటల్లోకి దించి చెప్పాడు.

"ఎక్కడో ఒక బళ్ళో పిల్లాడి ఒంటి మీద వాతలు చూసి కూడా అందరూ ఊరుకున్నారట. ఆ పిల్లాడు పోయాడు. కేసు పైకోర్టు దాకా వెళ్ళింది. చూసి ఊరుకున్నవాళ్ళకీ ఆ పాపంలో భాగముందని కోర్టు తేల్చేసింది. దాని వెనకే ఈ చట్టం వచ్చింది. ఇకనుంచి ప్రభుత్వ బళ్ళలో పనిచేసేవాళ్ళు ఎవరైనా సరే, టీచర్ కానివ్వండి, వాచ్‌మన్ కానివ్వండి, పిల్లల ఒంటి మీద దెబ్బలు కనిపిస్తే శిశు సంరక్షణ ఆఫీసుకి స్వయంగా చెప్పాలి. హెడ్మాస్టరుకి చెప్పాం కదా అంటే కుదరదు. చెప్పకపోతే ఉద్యోగం ఒక్కటే కాదు, జైలు కూడా."

"మా ఆవిడ నన్ను కొడితే ఎవరికి చెప్పాలి సార్?" అన్నాడు డ్రిల్లు మాస్టారు.

అందరూ నవ్వారు. హెడ్మాస్టరూ నవ్వాడు. "ఇన్నాళ్ళూ తండ్రిని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, నాలుగు చీవాట్లు పెట్టి పంపేవాణ్ణి. ఇక ఆ పని కూడా నాకు లేదు. సంతకాలు పెట్టండి, బెల్లు కొట్టే టైమయింది" అన్నాడు.

నాలుగో తరగతి టీచర్ కూడా సంతకం పెట్టింది. ఎవరూ పైకి అనని మాట ఆమె మనసులో అనుకుంది. మంచి చట్టమే, ఎప్పుడో రావలసింది.

ఆమెకు పిల్లలు లేరు. భర్త పోస్టాఫీసులో పనిచేస్తాడు. రెండు వీధుల అవతల తమ్ముడుంటాడు, సిటీ బస్సు డ్రైవరు. తల్లి చనిపోయేనాటికి వాడు ఇంకా పాలబుగ్గల పిల్లాడు. అన్నం తినిపించిందీ, అక్షరాలు దిద్దించిందీ, జ్వరమొస్తే రాత్రంతా ఒళ్ళో పెట్టుకుందీ ఈ అక్కే. వాడు పెద్దయ్యాక కూడా, ఆమె ఎక్కే స్టాపు దగ్గర బస్సు మరీ నెమ్మదిగా ఆపి, "పెద్ద టీచర్ గారు ఎక్కుతున్నారు, దారివ్వండి!" అని బస్సంతా వినబడేలా అరిచేవాడు. అంత సరదా మనిషి. కిందటి చలికాలంలో వాడి భార్య ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. ఆ తరవాత ఆ అరుపు ఎవరూ వినలేదు.

వాడి కూతురు మేనత్త తరగతిలోనే చదువుతోంది. దొరికిన పెన్సిలు ముక్కనల్లా, రిబ్బను ముక్కనల్లా సంచిలో దాచుకుంటుంది కాబట్టి దాన్ని ఇంట్లో, బళ్ళో అందరూ 'ఉడత' అంటారు. బళ్ళో నన్ను టీచర్ అనే పిలవాలని అత్త ఎన్నిసార్లు చెప్పినా, చెయ్యెత్తి మరీ "అత్తా, నాకొచ్చు!" అనేది. క్లాసంతా గొల్లుమనేది.

ముసురు ఇంకా వదల్లేదు. చట్టం సంగతి విన్న కొన్నాళ్ళకే ఒక ఉదయం ఉడత బడికి తడిసి ముద్దయి వచ్చింది. పళ్ళు టకటకలాడుతున్నాయి. టీచర్ దాన్ని సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి, ఆటల పోటీల కోసం కొన్న బనీను ఒకటి వెతికి, "ఆ తడి గౌను విప్పు, జ్వరమొస్తుంది" అంది.

"వద్దత్తా. ఆరిపోతుంది."

"నీకు సిగ్గెప్పటినుంచే? చిన్నప్పుడు నీకు నీళ్ళు పోసింది నేను కాదూ?"

గౌను పైకి లాగేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. వీపు మీద అడ్డంగా బెల్టు వాతలు. ఎర్రగా, ఉబ్బి ఉన్నాయి. ఒకచోట చర్మం చిట్లింది. వాటి కింద మరికొన్ని, పాతవి, పసుపు రంగులోకి తిరిగి మానిపోతున్నవి. అంటే ఇది ఒక్కనాటి కోపం కాదు.

టీచర్ పిల్ల ముందు ఏడవకూడదని పెదవి కొరుక్కుంది.

"ఎవరమ్మా?"

ఉడత తప్పు తనదే అన్నట్టు చెప్పింది. "క్లాసులో బొమ్మలు చెయ్యడానికి గుడ్డముక్కలు తెమ్మన్నావు కదా. అమ్మ శాలువా అంచు కత్తిరించాను. కొంచెమే అత్తా. నాన్న దాన్ని దిండు కింద పెట్టుకుంటాడని నాకు తెలీదు."

"ముందు కూడా కొట్టాడా?"

"అన్నం మాడిపోయినప్పుడు. ఇంకోసారి ఊరికే. కావాలని కొట్టడు అత్తా. కొట్టాక నా పక్కనే కూర్చుని ఏడుస్తాడు. నేనే ఊరుకోబెడతాను." బనీను తల మీంచి వేసుకుని, అందులోంచి మొహం బయటపెట్టి అడిగింది. "ఎవరికీ చెప్పవు కదూ?"

టీచర్ జవాబు చెప్పలేదు. చిట్లినచోట మందు రాసి, పిల్ల తల తుడిచింది. ఆ మౌనాన్నే ఉడత మాటిచ్చినట్టు తీసుకుని, తేలికపడ్డ మొహంతో క్లాసుకి పరిగెత్తింది.

ఆ రోజు ఆమె పాఠం చెప్పింది కానీ, ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. సాయంత్రం నేరుగా బస్సుల డిపోకి వెళ్ళింది. తమ్ముడు డ్యూటీ దిగి, ఖాళీ బస్సు మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అక్కని చూసి లేచి నిలబడ్డాడు. ఆమె మొహం చూశాక మళ్ళీ కూలబడ్డాడు.

"చూశావా?" అన్నాడు.

"చూశాను."

వాడు గ్లాసు పక్కన పెట్టాడు. బుకాయించలేదు. "చెయ్యి లేస్తోందక్కా. ఎలా లేస్తోందో నాకే తెలీట్లేదు. తెల్లారకముందే లేచి బండెక్కుతాను. రోజంతా జనం తిడుతుంటే పడతాను. ఇంటికెళ్తే ఆ పిల్ల అచ్చం వాళ్ళమ్మలాగే తలుపు తీస్తుంది. అంతే. దానిమీద ప్రేమ లేక కాదే."

"తెలుసురా."

"ఇంకెప్పుడూ జరగదు. నీ మీద ఒట్టు."

"ముందుసారి కూడా ఇలాగే ఒట్టు పెట్టుకునుంటావు."

వాడు తల వంచుకున్నాడు. ఆమె పక్కన కూర్చుని కొత్త చట్టం సంగతి చెప్పింది. తాను చెప్పి తీరాలనీ, రేపు పొద్దున్నే చెప్పబోతున్నాననీ చెప్పింది. వాడు నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"నువ్వా? నా మీదా? ఉద్యోగం పోతుందని భయమా?"

"నా ఉద్యోగం తగలబడనీ. చట్టం లేకపోతే చెప్పేదాన్నో లేదో నాకు తెలీదు, అబద్ధమెందుకు చెప్పాలి? కానీ ఇవాళ దాని వీపు చూశాక నా భయమంతా ఒక్కటే. నీ చెయ్యి మళ్ళీ లేస్తుందేమోనని."

బస్సు కింద నూనె మడుగులో సన్నని జల్లు పడుతోంది. వాడు తన రెండు చేతుల్నీ పరాయివాటిని చూసినట్టు చూసుకున్నాడు.

"నా భయమూ అదేనక్కా" అన్నాడు చివరికి. "పక్క గదిలో పడుకుని, దానికి నేను దూరంగా ఉంటే బాగుణ్ణని ఎన్నిసార్లు అనుకున్నానో. చెప్పు. వెళ్ళి చెప్పెయ్. కానీ పిల్లని నీ దగ్గరే ఉంచు. నేను బాగుపడేదాకా."

"నా దగ్గర కాక ఇంకెక్కడుంటుందిరా?" అందామె. వాడి తల మీద చెయ్యి వేసింది. ఆ మాట ఆమె నూటికి నూరుపాళ్ళు నమ్మే అంది.

ఆ రాత్రి ఆమె భర్త అంతా విన్నాడు. తరవాత లేచి చిన్నగదిలో ఉన్న కుట్టుమిషను వరండాలోకి లాగాడు, అటకమీది చిన్న మంచం దించి దుమ్ము దులిపాడు. "పిల్లకి ఈ కిటికీ పక్కనైతే బాగుంటుంది. రోడ్డు మీద బస్సులు కనిపిస్తాయి" అన్నాడు.

మర్నాడు బడి మొదలవకముందే టీచర్ శిశు సంరక్షణ ఆఫీసుకి ఫోన్ చేసింది. హెడ్మాస్టరుకి చెప్పడంతో సరిపోదని ఆయనే అన్నాడు కదా, అందుకని ఆయనతో ముందుగా ఒక్క మాటా అనలేదు. మధ్యాహ్నంలోగా ఒక అధికారిణి వచ్చింది. నెమ్మదస్తురాలు, గొంతు పెంచని మనిషి. హెడ్మాస్టరు గదిలో కూర్చుని టీచర్ చెప్పినదంతా రాసుకుంది. ఆయన పక్కనే నిలబడి, వింటున్నకొద్దీ పాలిపోతున్నాడు.

"కొట్టిన మనిషి మీకేమవుతారు?"

"తోడబుట్టినవాడు."

అధికారిణి కలం ఆగింది. మళ్ళీ కదిలింది.

వాంగ్మూలం పూర్తయ్యాక టీచర్ అంది. "పిల్లని మా ఇంటికి తీసుకెళ్తానండీ. అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మంచం కూడా వేశాం."

అధికారిణి ఫైలు మూసి, రెండు చేతులూ దానిమీద పెట్టుకుంది. "కుదరదు మేడమ్. ఈ కేసులో మీరు సాక్షి. కేసు తేలేదాకా పిల్లని సాక్షి ఇంట్లో ఉంచకూడదని కొత్త చట్టంలో రాశారు. సాక్షులు పిల్లలతో తమకి కావలసింది చెప్పించేస్తారనీ, మాట మార్పించేస్తారనీ. మీరు పిల్లతో మాట్లాడటానికి కూడా వీల్లేదు."

"నేను మేనత్తనండీ. నేను ఎత్తుకు పెంచిన పిల్ల."

"తెలుసండీ. నాకు అర్థమవుతోంది. కానీ..."

"ఇంకెవరైనా చెప్పి ఉంటే?" అంది టీచర్. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నేను కాకుండా ఇంకెవరైనా చూసి చెప్పి ఉంటే, పిల్లని ఎక్కడికి పంపేవారు?"

అధికారిణి కిటికీ వైపు చూసింది. "దగ్గరి బంధువులు ఎవరున్నారో చూస్తాం" అంది. ఆగింది. "మీ ఇంటికేనండీ."

హెడ్మాస్టరు కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మా, నాకొక్క మాట చెప్పాల్సింది. నేనే వెళ్ళి ఆ వీపు చూసేవాణ్ణి. నేనే ఫోన్ చేసేవాణ్ణి. ఎంత పని చేశావమ్మా!" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఏడుపే ఉంది. తాను చదివి వినిపించిన ఆ కాగితాల్లో ఈ ముక్క ఆయన కూడా చూడలేదు. ఎవరూ అంతదాకా చదవలేదు.

 తమ్ముడికి ఇచ్చిన మాట ఒక్కటే టీచర్ చెవుల్లో మోగుతోంది.

ఉడతని తరగతి గదిలోంచి పిలిపించారు. పుస్తకాల సంచి రెండు చేతులా పొట్టకి ఆనించుకుని వరండాలోకి వచ్చింది. అధికారిణి దాని ఎత్తుకి వంగి, కొన్నాళ్ళు ఒక మంచి ఇంట్లో ఉంటావనీ, అక్కడ ఇంకో పాప కూడా ఉందనీ చెప్పింది. ఉడత వింటూనే అత్త కోసం చూసింది. టీచర్ స్తంభం పక్కన నిలబడి ఉంది. దగ్గరికి రాకూడదని చెప్పారు కాబట్టి రాలేదు. స్తంభాన్ని పట్టుకుని ఉంది.

"అత్తా, నువ్వూ వస్తున్నావా?"

టీచర్ తల అడ్డంగా ఊపింది.

"నాన్నకి తెలుసా?"

ఆమె తల నిలువుగా ఊపింది. ఉడత కళ్ళు అత్త మీంచి అధికారిణి మీదికి, అక్కణ్ణించి హెడ్మాస్టరు మీదికి, మళ్ళీ అత్త మీదికి వచ్చాయి. ఎవరు చెప్పారో ఆ పిల్లకి అప్పుడర్థమైంది. ఏడవలేదు. సంచి భుజానికి తగిలించుకుంది.

"వెళ్ళొస్తాను టీచర్" అంది.

గేటు దాకా వెనక్కి తిరగకుండా నడిచి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆఫీసుకి సెలవు పెట్టి, కొత్త దుప్పటి కొనుక్కొచ్చాడు. భార్యని చూసి, ఆమె వెనక ఎవరైనా వస్తున్నారేమోనని పక్కకి వంగి చూశాడు. ఆమె చెప్పులు విప్పకుండానే లోపలికెళ్ళి, ఆ చిన్న మంచం మీద కూర్చుని, పొద్దున్నించి బిగబట్టుకున్నదంతా ఏడ్చింది. ఆయన పక్కన కూర్చోవడానికి కూడా జంకి, దుప్పటి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

తమ్ముణ్ణి పోలీసులు ఆ రోజే తీసుకెళ్ళి, తరవాత పూచీకత్తు మీద వదిలారు. డిపోవాళ్ళు బస్సు తాళాలు తీసేసుకున్నారు. కేసు నడిచినన్నాళ్ళూ టైర్ల షెడ్డులో పని ఇచ్చారు. తాను ఎదురైతే తిడతాడేమోననీ, తిడితే బాగుణ్ణనీ ఆమె ఎదురుచూసింది. వాడు తిట్టలేదు. పిల్ల వేరే ఊళ్ళో, పరాయివాళ్ళింట్లో ఉందని తెలిసినప్పుడు ఒక్కటే అడిగాడు.

"నీ దగ్గరుంటుందన్నావు కదక్కా."

"నాకు తెలీదురా. నిజంగా తెలీదు."

"సర్లే. నీకు మాత్రం ఎలా తెలుస్తుంది" అన్నాడు. ఆ తరవాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమెకి కాస్త తేలికయ్యేది.

కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పింది. ఎదురుగా, చేతులు కట్టుకుని నిలబడ్డ తమ్ముడి మొహం చూస్తూ, వాతలు ఎక్కడెక్కడ ఉన్నాయో, పాతవెన్నో, కొత్తవెన్నో చెప్పింది. అక్క మాట తడబడిన ప్రతిసారీ వాడు చెప్పమన్నట్టు తలూపాడు. వాడి తరఫు వకీలు అడ్డు ప్రశ్నలు వెయ్యబోతే వాడే ఆపాడు. "మా అక్క అబద్ధం చెప్పదండీ. కొట్టాను" అన్నాడు. తప్పు ఒప్పుకున్నాడని జైలు తప్పించారు. కోపం అదుపులో పెట్టుకోవడం నేర్పే చోటికి వారం వారం వెళ్ళాలనీ, కోర్టు మళ్ళీ చెప్పేదాకా కూతురితో ఒంటరిగా ఉండకూడదనీ తీర్పు ఇచ్చారు. పిల్ల ఇష్టపడితే ఇక మేనత్త ఇంట్లో ఉండవచ్చన్నారు. ఈలోగా ఒక చదువుల ఏడాది గడిచిపోయింది. నాలుగో తరగతి పిల్లలు ఐదుకి వెళ్ళిపోయారు. ఆ బెంచీల్లో వేరే పిల్లలు వచ్చి కూర్చున్నారు.

తీర్పు తరవాత వచ్చిన మొదటి ఆదివారమే అక్కా తమ్ముడూ కలిసి ఆ ఊరికి బయల్దేరారు. పిల్లని ఉంచిన ఇంటికి తండ్రి రాకూడదని ఆఫీసువాళ్ళు చెప్పారు కాబట్టి తమ్ముడు వీధి చివర బస్టాపులో కూర్చున్నాడు. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఎవరు చూస్తారని వేసుకున్నాడో ఆమె అడగలేదు.

ఉడత పొడుగైంది. జుట్టు మెడ దాకా కత్తిరించారు. ఆ ఇంటావిడ మంచి మనిషే. టీచర్‌ని లోపల కూర్చోబెట్టి, పిల్లని పిలిచి, తన కూతుర్ని తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

"బాగున్నారా?" అంది ఉడత, ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని. ఆ మర్యాద విని టీచర్ ప్రాణం చివుక్కుమంది.

"కేసు అయిపోయిందమ్మా. నువ్విక మా ఇంటికి రావచ్చు. మావయ్య నీకు గది సర్ది ఉంచాడు. ఎప్పటినుంచో."

"నాన్న ఉంటాడా?"

"వస్తూ ఉంటాడు. మేమున్నప్పుడు. కొన్నాళ్ళ తరవాత నీతోనే ఉంటాడు. చాలా మారాడే. అరవడం కూడా మానేశాడు."

"బస్సు నడుపుతున్నాడా?"

"ఇంకా లేదు. ఇస్తారులే."

ఉడత కుర్చీ చేతి మీద గోటితో గీతలు గీస్తూ ఆలోచించింది. తరవాత తలెత్తి సూటిగా చూసింది. చాలాకాలం తరవాత పాత పిలుపు వచ్చింది దాని నోట. "అత్తా, నాన్న మళ్ళీ కొట్టాడనుకో. నువ్వు మళ్ళీ చెప్తావా?"

చెప్పనంటే పిల్ల ఆ క్షణానే లేచి వస్తుంది. టీచర్‌కి అది తెలుస్తూనే ఉంది. పెరట్లో ఎవరో తాడాట ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. 

"చెప్తానమ్మా" అంది. "చెప్పాలి."

ఉడతకి కోపం రాలేదు. లెక్క సరిపోయినట్టు తల ఊపింది. "అయితే నేను రాను. నేనొస్తే ఏదో ఒకటి పాడుచేస్తాను. నాన్నకి కోపమొస్తుంది. నువ్వు చెప్తావు. మళ్ళీ నాన్నని తీసుకెళ్తారు. ఇక్కడుంటే ఆయనకేం కాదు."

"నువ్వేం పాడుచెయ్యలేదే. నీ తప్పేం లేదమ్మా. నా బంగారం, అస్సలు లేదు." టీచర్ లేచి పిల్లని దగ్గరికి తీసుకుంది. ఉడత కాదనలేదు. అత్త భుజం మీద తల పెట్టి, కాసేపటికి చిన్న చేత్తో ఆమె వీపు నిమిరింది, ఊరుకోబెడుతున్నట్టు. నాన్నని ఊరుకోబెట్టీ ఊరుకోబెట్టీ ఆ చేతికది అలవాటైన పని.

"మళ్ళీ రా అత్తా. కానీ ఇప్పుడే తీసుకెళ్ళకు" అంది.

బస్టాపులో తమ్ముడు అక్కని ఒంటరిగా చూసి లేవలేదు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"రానందా?"

"ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంటానంది."

"నా మీద కోపంగా ఉందా?"

"లేదురా. నీ మీద రవ్వంత కూడా కోపం లేదు." పిల్ల చెప్పిన కారణం ఆమె చెప్పలేకపోయింది. "బస్సు నడుపుతున్నావా అని అడిగింది."

వాడి మొహం ఒక్కసారి వెలిగింది. వెంటనే అదిమేసుకుని, దూరంగా కనిపిస్తున్న ఇళ్ళవైపు చూశాడు. ఏ ఇల్లో అడగలేదు. ఆమె కూడా చూపించలేదు.

బస్సు వచ్చింది. ఎవరో కుర్రవాడు నడుపుతున్నాడు. ఇద్దరూ డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నారు. తమ్ముడు కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుంది. కానీ మలుపు వచ్చిన ప్రతిసారీ, ఎవరైనా రోడ్డుకి అడ్డం వచ్చిన ప్రతిసారీ, వాడి కుడికాలు నేలమీద బ్రేకు నొక్కుతూనే ఉంది. ఆమె ఆ కాలివైపు చూస్తూ ఇంటిదాకా కూర్చుంది.